మళ్లీ మొదటి పాఠం నుంచి...

మన ఇళ్లల్లో ఆడపిల్లకి సంగీతం చెప్పించడానికి ఒక లెక్క ఉంటుంది. సరళీ స్వరాలు ఒక నెల, జంట స్వరాలు ఒక నెల, అలంకారాలు ఎలాగో గట్టెక్కితే రెండు గీతాలు, ఆ పైన నలుగురిలో పాడించడానికి పనికొచ్చే కీర్తన ఒకటో రెండో. మూడో నెలలో కూడా మేష్టారు స రి గ మల దగ్గరే కూర్చోబెట్టారంటే ఫీజు దండగవుతోందని గొణుక్కుంటాం. పిల్లలు కాస్త చేతికందొచ్చాక, ఎప్పుడో పెళ్లితో ఆగిపోయిన సంగీతాన్ని మళ్లీ మొదలుపెట్టే ఆడవాళ్లకీ ఇదే తొందర. పాట రావాలి. అదీ పక్కింటికి వినపడేలా రావాలి. మొదటి పాఠాలు చిన్నపిల్లలకి గానీ మనకెందుకులే అనిపిస్తుంది.

దేశమంతా మహాగాయని అని నెత్తిన పెట్టుకున్న తర్వాత, ఓనమాలు దిద్దుకునే పిల్లలాగా మళ్లీ మొదటి పాఠం ముందు కూర్చున్న ఒకావిడ కథ ఇది. ఆవిడ పేరు జెన్నీ లిండ్. స్వీడన్ దేశస్థురాలు. సరోజినీ నాయుడిని మనం భారత కోకిల అని పిలుచుకున్నట్టే, పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్, అమెరికా జనం జెన్నీని స్వీడన్ నైటింగేల్ అని పిలుచుకున్నారు. నైటింగేల్ అంటే మన కోయిలలా అక్కడ అందరూ చెప్పుకునే పాటల పిట్ట.

పిల్లికి పాడిన పాట

జెన్నీ 1820 అక్టోబర్ 6న స్టాక్‌హోమ్ నగరంలో పుట్టింది. పూలపాన్పు మీద పుట్టిన పిల్ల కాదు. తల్లి చదువుకున్న మనిషి. ఇంట్లోనే ఆడపిల్లలకి చిన్న బడి నడిపేది. మొదటి భర్త నుంచి విడిపోయింది గానీ, ఆయన బతికుండగా ఇంకో పెళ్లి చేసుకోవడానికి ఆవిడ నమ్మిన మతం అడ్డొచ్చింది. జెన్నీ తండ్రి నిక్లాస్ లిండ్ లెక్కలు రాసే చిన్న ఉద్యోగి. పాటంటే ఇష్టం, సంపాదన మాత్రం అంతంతే. ఆ ఇద్దరికీ పెళ్లయ్యేనాటికి జెన్నీకి పద్నాలుగేళ్లు. మరి ఆ పిల్ల బాల్యం ఎలా గడిచి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. పసితనంలోనే ఊరి బయట ఒక చర్చి ఉద్యోగి ఇంట్లో పెంపకానికి ఇచ్చారు. తర్వాత కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గర పెరిగింది.

వీధిలో సైనికులు ఊదుకుంటూ వెళ్లిన బూరల వరసని విని, ఎవరూ చూడకుండా పియానో మీద ఒక్క వేలితో పలికించిందని ఆ పిల్ల చిన్నతనం గురించి చెబుతారు. ఎవరు వాయిస్తున్నారని అమ్మమ్మ కేకేసేసరికి భయపడి పియానో కింద దూరిందట.

తొమ్మిదేళ్లప్పుడు ఆ పిల్లకున్న నేస్తం ఒక పిల్లి. దాని మెడకి నీలం రిబ్బను కట్టి, కిటికీలో కూర్చోబెట్టుకుని పాటలు పాడుతుండేది. రాయల్ థియేటర్‌లో నాట్యం చేసే లుండ్‌బెర్గ్ అనే ఆవిడ ఇంటి పనిమనిషి ఆ వీధిన పోతూ ఆ పాట విన్నది. వెళ్లి అమ్మగారికి చెప్పింది. ఆవిడ పిల్లని పిలిపించి పాడించుకుని, ఈ గొంతుకి చదువు చెప్పించి తీరాలని తల్లికి నచ్చజెప్పింది. తల్లికి నాటకాలంటే గిట్టదు. పాట నేర్పడానికైతే సరేనంది. అలా ఆ పిల్ల థియేటర్ సంగీతం మేష్టారు క్రేలియస్ దగ్గరికి, ఆయన వెంట థియేటర్ పెద్ద దగ్గరికి చేరింది. బక్కగా, ఏ అందమూ లేని తొమ్మిదేళ్ల పిల్లని చూసి ఆ పెద్దమనిషి ముందు మొహం తిప్పుకున్నాడట. పాట విన్నాక మాట మార్చుకున్నాడు. 1830 నుంచి జెన్నీ తిండి, బట్ట, చదువు, సంగీతం అన్నీ థియేటర్ ఖర్చే. అందుకు బదులుగా పదేళ్లకే వేషాలు కట్టాలి.

దారిన పోయే ఆ పనిమనిషికి పాట తెలిసిన చెవి లేకపోతే ఈ కథే లేదు.

చప్పట్లకి తెలియని లోపం

ఆపెరా అంటే పాటతోనే నడిచే నాటకం. మన పద్యనాటకం తెలిసినవాళ్లకి ఆ శ్రమ కొంత తెలుస్తుంది. మైకుల్లేని కాలం. ఎదురుగా పెద్ద వాద్య బృందం. గాయని గొంతు వాటన్నిటినీ దాటుకుని చివరి వరసలో కూర్చున్నవాళ్ల దాకా వెళ్లాలి. 1838 మార్చి 7న, పదిహేడేళ్ల వయసులో, వేబర్ రాసిన ఆపెరాలో జెన్నీ మొదటిసారి నాయిక వేషం కట్టింది. ఆ రాత్రితో ఆమె దశ తిరిగింది. ఆ తారీఖుని తన రెండో పుట్టినరోజుగా జీవితాంతం లెక్కపెట్టుకుంది. 1840లో ఆస్థాన గాయని అయింది. స్వీడన్ రాయల్ సంగీత అకాడెమీ సభ్యత్వం వచ్చింది. ఇరవై ఏళ్లు నిండేసరికే ఇంత పేరు.

కానీ పేరుతోపాటే గొంతు మీద బరువూ పెరిగింది. చిన్నప్పటి నుంచీ వేషాలు, పాటలు, పాత్రలు నేర్పారు గానీ, ఊపిరి ఎలా పొదుపు చేసుకోవాలో, కింది స్థాయి నుంచి పై స్థాయికి గొంతు గీరుకోకుండా ఎలా పోవాలో ఎవరూ పునాది వేసి చెప్పలేదు. అందని స్వరాన్ని బలం పెట్టి అందుకునేది. బరువైన నాయిక పాత్రలు ఒకదాని వెనక ఒకటి కట్టింది. తన చదువులో ఏదో లోటుందని ఆమెకి తెలుసు. ఆ లోటు తీర్చుకోవడానికి పారిస్ వెళ్లాలనుకుంది. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం సెలవుల్లో కూడా ఊరూరా తిరిగి కచేరీలు చేసింది. విచిత్రం చూడండి. గొంతు బాగుచేసుకోవడానికి దాచిన డబ్బు, మిగిలిన గొంతుని కూడా అరగదీసింది. 1841 నాటికి గొంతులో బొంగురు స్థిరపడిపోయింది. మధ్యస్థాయి స్వరాలు మసకబారాయి.

స్టాక్‌హోమ్‌లో మాత్రం చప్పట్లు ఆగలేదు. ఆ చప్పట్లు విని ఊరుకుని ఉంటే జెన్నీ లిండ్ పేరు ఈ రోజు మనకి తెలిసేది కాదు.

పారిస్ మేష్టారు

అప్పట్లో పారిస్‌లో గాత్రం చెప్పేవాళ్లలో మాన్యుయెల్ గార్సియాది పెద్ద పేరు. వాళ్లది స్పెయిన్ నుంచి వచ్చిన గాయకుల కుటుంబం. తండ్రి పెద్ద గాయకుడు. చెల్లెళ్లు మరియా మాలిబ్రాన్, పౌలీన్ వియార్డో ఇద్దరూ యూరప్‌లో మహాగాయనులు. ఈయన మాత్రం కుర్రతనంలో తండ్రి బృందంతో న్యూయార్క్ దాకా వెళ్లి ఆపెరాలు పాడి పాడి గొంతు పాడుచేసుకున్నాడు. ఆ దెబ్బతో వేదిక వదిలేసి, అసలు గొంతు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని సైనిక ఆస్పత్రులకి వెళ్లి స్వరపేటిక నిర్మాణం చదువుకున్నాడు. పోగొట్టుకున్నవాడు కాబట్టి పోగొట్టుకునేవాళ్లని చూడగానే గుర్తుపట్టేవాడు.

1841 వేసవిలో జెన్నీ ఆయన ముందు నిలబడి, స్టాక్‌హోమ్‌లో తనకి బాగా పేరు తెచ్చిన పాటే ఎత్తుకుంది. మధ్యలో గొంతు తెగిపోయింది. గార్సియా మొహమాటం లేని మనిషి. ఇక నేర్పి లాభం లేదు, గొంతే మిగల్లేదని తేల్చేశాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు. వెనక ఆస్తి లేదు, ఇంట్లో ఆదరణ లేదు, గొంతు తప్ప ఇంకో బతుకుతెరువు లేదు. జీవితంలో తర్వాత పడిన ఏ బాధా ఆ క్షణానికి సరిరాదని ఆ తరువాత స్నేహితులతో చెప్పుకుంది.

ఏడ్చింది. ఏం చేయమంటారని అడిగింది. ఆయన ఒక షరతు పెట్టాడు. ఆరు వారాలు పాట అనే మాట తలపెట్టకూడదు. మాట్లాడటం కూడా ఎంత తక్కువైతే అంత మంచిది. ఆ తర్వాత రమ్మన్నాడు. అప్పుడు కూడా వచ్చి చూపించమన్నాడే గానీ, నేర్పుతానని మాటివ్వలేదు.

ఆరు వారాల మౌనం

పాటే ఊపిరైన మనిషికి నలభై రెండు రోజులు గొంతు విప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. పరాయి దేశం, రాని భాష. జెన్నీ ఫ్రెంచి పాఠాలు చదువుకుంటూ, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ రోజులు లెక్కపెట్టింది.

ఆ మౌనంలో మంత్రమేమీ లేదు. మన గొంతులో స్వరతంత్రులు రెండు ఉంటాయి. ఆడవాళ్లకి అవి గట్టిగా చూస్తే అంగుళం కూడా ఉండవు. ఊపిరి పీల్చుకునేటప్పుడు విడిపోతాయి, పాడేటప్పుడు దగ్గరికొచ్చి కంపిస్తాయి. మధ్యస్థాయిలో ఒక స్వరం పట్టుకుంటేనే సెకనుకి మూడు నాలుగు వందల సార్లు అవి ఒకదానికొకటి తగులుతాయి. అరిచి పాడినా, అందని శ్రుతికి సాగదీసినా ఆ రాపిడికి వాచిపోతాయి. వాచినవి సరిగ్గా మూసుకోవు. గాలి లీకై బొంగురు వస్తుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా బలం పెడతాం. ఇంకా వాస్తాయి. ఈ గొలుసు తెగాలంటే ముందు గొంతుకి విశ్రాంతి కావాలి. ఇదంతా కంటితో చూడగలిగే సాధనం అప్పటికి లేదు. 1854లో చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో వెలుగు పడేలా చూసుకుని, పాడుతున్నప్పుడు తన స్వరతంత్రుల్ని తానే చూసుకున్నవాడు ఈ గార్సియాయే. ఇవాళ గొంతు డాక్టర్లు వాడే పరీక్షకి అది నాంది.

ఆరు వారాలయ్యాక జెన్నీ మళ్లీ వెళ్లింది. గొంతు పూర్తిగా కోలుకోలేదు గానీ, ప్రాణం పోలేదని మేష్టారికి అర్థమైంది. వారానికి రెండు పాఠాలకి ఒప్పుకున్నాడు.

ఏం పాఠాలనుకున్నారు? మన మాటల్లో చెప్పాలంటే సరళీ స్వరాలే. స్వరాల వరస మెల్లగా పైకి, మెల్లగా కిందికి. నిదానంగా, ప్రతి స్వరం శుభ్రంగా తేలేదాకా. ఆ తర్వాత రెండు పక్కపక్క స్వరాల మధ్య గొంతుని ఊగించే సాధన, అది కూడా అతి నిదానంగా. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి, వాక్యం చివరిదాకా ఎలా సరిపెట్టాలి అన్నది మళ్లీ మొదటి నుంచి. ఆస్థాన గాయని, అకాడెమీ సభ్యురాలు, ఇవేవీ ఆ గదిలోకి రాలేదు. తను ఇంతవరకూ నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చిందని ఇంటికి రాసిన ఉత్తరాల్లో చెప్పుకుంది.

అదే కాలంలో అక్కడ ఇంకో స్వీడన్ అమ్మాయి హెన్రియెట్ నిస్సెన్ కూడా నేర్చుకునేది. ఆ అమ్మాయి గొంతు తనకంటే గట్టిదని జెన్నీకి తెలుసు. అసూయ పడలేదని చెప్పలేం. అయినా ఇద్దరూ స్నేహంగానే ఉన్నారు. పక్కవాళ్ల గొంతుతో పోల్చుకోవడం మాని, తన గొంతుకి ఏం వస్తుందో, ఏం రాదో కనిపెట్టడం మొదలుపెట్టింది జెన్నీ. మేష్టారు చెప్పింది వారానికి రెండు రోజులే. మిగతా రోజులు తనకి తనే మేష్టారు.

పది నెలలు గడిచాయి. 1842 వేసవికి పాఠాలు పూర్తయ్యాయి. గార్సియా ఆమెకి కొత్త గొంతు ఇవ్వలేదు. ఉన్న గొంతుని ఎలా వాడుకోవాలో చెప్పాడు. పై స్వరాలు మెరుగెక్కాయి. మధ్యస్థాయిలో నాలుగైదు స్వరాల మీద పడిన మసక మాత్రం చివరిదాకా పూర్తిగా పోలేదని విన్నవాళ్లు రాశారు. ఆ మసకని ఆవిడ దాచుకోవడానికి అరవలేదు. అక్కడ గొంతు తగ్గించి, సన్నని దారంలా పాడటం నేర్చుకుంది. అంత పెద్ద హాల్లో ఆవిడ మెల్లగా పాడే పాట చివరి వరస దాకా వినిపించేదని చెప్పుకునేవారు. లోపం ఉన్నచోటే ఆవిడ ప్రత్యేకత పుట్టింది.

పేరు, డబ్బు, పంపకం

1842 అక్టోబర్‌లో స్టాక్‌హోమ్ వేదిక మీద జెన్నీ నార్మా పాత్ర కట్టింది. విన్నవాళ్లకి తేడా తెలిసిపోయింది. 1844లో బెర్లిన్, 1847లో లండన్. లండన్‌లో మొదటి రాత్రి విక్టోరియా మహారాణి కూడా వచ్చింది. సంగీతకర్త మెండెల్సన్ ఆవిడ గొంతుని మనసులో పెట్టుకుని ఎలైజా అనే రచనలో పాటలు కట్టాడు. ఆయన 1847లో చిన్న వయసులోనే పోయాడు. మరుసటి ఏడాది ఆ రచననే లండన్‌లో పాడి, వచ్చిన సొమ్ముతో ఆయన పేరున విద్యార్థి వేతనానికి నిధి పోగుచేసింది. 1856లో దాన్ని మొదట అందుకున్న కుర్రాడు ఆర్థర్ సలివన్ తర్వాత పెద్ద సంగీతకర్త అయ్యాడు.

1849లో, ఇంకా ఇరవై ఎనిమిదేళ్లకే, ఆపెరా వేషాలు కట్టడం మానేసింది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎప్పుడు ఆపాలో పారిస్‌లో నేర్చుకున్న మనిషికి అది వింత కాదు. ఆ తర్వాత కచేరీలే. 1850లో బార్నమ్ అనే సర్కస్ తరహా వ్యాపారి, ఆవిడ పాట ఒక్కసారి కూడా వినకుండానే, కచేరీకి వెయ్యి డాలర్ల చొప్పున ఒప్పందం చేసుకుని అమెరికా పిలిపించాడు. ఆయన ఏర్పాటు చేసినవి 93 కచేరీలు. న్యూయార్క్‌లో మొదటి కచేరీకి తనకొచ్చిన భాగం దాదాపు పదివేల డాలర్లు. అది అక్కడి ధర్మకార్యాలకే ఇచ్చేసింది. అమెరికా సంపాదనలో పెద్ద భాగం స్వీడన్‌లో పేదపిల్లల బడులకి వెళ్లింది. చిన్నప్పుడు ఒకరి ఖర్చుతో చదువుకున్న పిల్ల ఆ బాకీ మర్చిపోలేదు.

1852లో బోస్టన్‌లో, తనకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన పియానో వాద్యకారుడు ఒట్టో గోల్డ్‌ష్మిట్‌ని పెళ్లాడింది. ముగ్గురు పిల్లలు. తర్వాత ఇంగ్లండ్‌లో కాపురం.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. 1876లో గోల్డ్‌ష్మిట్ లండన్‌లో బాఖ్ బృందం అనే గాయకుల సమాజాన్ని నడిపిస్తూ బాఖ్ మహారచన ఒకటి పాడించాడు. ఆ బృందంలో ఆడవాళ్ల వరసలకి పాఠాలు చెప్పింది జెన్నీయే. పాడే రోజున ముందుకొచ్చి ఒంటరిగా పాడలేదు. వాళ్ల మధ్యలో ఒకతెగా నిలబడి, వాళ్ల గొంతులో గొంతు కలిపింది. ఒకప్పుడు టిక్కెట్లు వేలం వేసి అమ్మిన గొంతు అది.

1883లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తెరిచినప్పుడు గాత్రం చెప్పడానికి ఆవిడని ప్రొఫెసర్‌గా పిలిచారు. అప్పటికి అరవై రెండేళ్లు. మూడేళ్లపాటు పాఠాలు చెప్పింది. 1887 నవంబర్ 2న, మాల్వర్న్ కొండల దగ్గరి తన ఇంట్లో కన్నుమూసింది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆవిడ స్మారక ఫలకం ఉంది. స్వీడన్ వాళ్లు 1996లో తెచ్చిన యాభై క్రోనార్ల నోటు మీద ఆవిడ బొమ్మ వేసుకున్నారు. మేష్టారు గార్సియా శిష్యురాలు పోయాక కూడా దాదాపు పంతొమ్మిదేళ్లు బతికి, 1906లో నూటొక్క ఏళ్ల వయసులో పోయాడు.

మనకేమిటి?

జెన్నీ పాట వినడానికి మనకి ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. పాడే విధానం మాత్రం మిగిలింది. అది మన సంగీతానికీ కొత్త కాదు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదటి కాలంలో తేలాకే రెండో కాలం, అది తేలాకే మూడోది అని మన పెద్దలు పెట్టిన వరస కూడా ఇదే చెబుతోంది. తొందరపడేది మనమే.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు నాలుగు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. శ్రుతి మీ గొంతుకి సరిపోయేది పెట్టుకోండి. క్యాసెట్‌లో విన్న గాయని శ్రుతి, పక్కింటి పిన్నిగారి శ్రుతి మీది కాదు. మంద్రం నుంచి తార షడ్జమం దాకా పీక నరాలు పొంగకుండా వెళ్లగలిగితే అదే మీ శ్రుతి. రోజూ గంటన్నర పాడేసి వారం మానేసే కంటే రోజూ ఒక పావుగంట నయం. గొంతు అలిసిందనిపించిన చోట ఆపండి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, దానితో గొంతుకి ఇంకా శ్రమే. ఊరికే ఖంగున సకిలించి గొంతు సవరించుకోవడం కూడా మంచిది కాదు, ఓ గుక్కెడు నీళ్లు తాగండి. పిల్లల మీద కేకలు, కుక్కరు మోత మీదుగా మాటలు కూడా ఆ రెండు తంత్రుల మీదే పడతాయని మర్చిపోవద్దు. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా గొంతు డాక్టరుకి చూపించుకోండి.

మేష్టారు మూడో నెలలో కూడా స రి గ మల దగ్గరే కూర్చోబెట్టారనుకోండి, ఫీజు దండగని బాధపడకండి. జెన్నీ లిండ్ అంతటి ఆవిడకి పది నెలలు పట్టింది. అదీ అప్పటికే పాట వచ్చినావిడకి!